బొంత లేచేదాకా ఆగండి

ముందు మీ మొహం మీదే చెప్పేస్తాను. వెనకాల నిలబడటం మాకు పుట్టుకతో వచ్చిన విద్య అని లోకమంతా చాటింది మీరే. మొగుళ్లు, మొగుళ్లని కన్నవాళ్లు, జీతమిచ్చే చోట మా వీపు వెనక కుర్చీ వేసుకు కూర్చునే సూపర్‌వైజర్లు, అందరూ. మీకు దెబ్బ తగిలితే మా చేతి మందు, మీకు ఆకలైతే మా చేతి కంచం, మీకు కోపమొస్తే మా చెవులు. ఆ మందు ఎవరి ఒంట్లోంచి వస్తోంది, అది అడుగంటిపోతే ఏమవుతుంది అని ఒక్కనాడైనా అడిగారా? అడగలేదు. అడిగినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల మొహాలు కూడా నేను చూడలేదు. వాళ్లకి కృతజ్ఞత చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. మిమ్మల్ని తిట్టడం దారిలో తగిలిన పని మాత్రమే.

ఒక ఆదివారం దుప్పట్లు మడతపెడుతున్నాను. మా ఆయన పడగ్గదిలోంచి వచ్చి, "ఏమోయ్, ఒక్క పది నిమిషాలు కూర్చో" అన్నారు.

ఈయన నన్ను కూర్చోమనడం ఎంత అరుదంటే, ఎవరికో ఏదో అయిందనుకున్నాను.

"ఏమైందండీ?"

"ఏం కాలేదు. నాకు గుర్రం కావాలి."

ఈయన ఏళ్ల తరబడి కంప్యూటర్లో ఒక ఆట ఆడుతున్నారు. కోటలు, రాక్షసులు, మంత్రాలు, ఎక్కడెక్కడి మనుషులో కలిసి చేసే యుద్ధాలు. ఆఫీసు నుంచి రాగానే పడగ్గది తలుపు మూసుకుని, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుంటే ఇక ఆయన మనిషి కాదు, సేనాపతి. ఆ ఆటలోకి కొత్తవాళ్లనెవరినైనా చేర్పించి, వాళ్లు పదో లెవెల్ దాకా ఎదిగితే, చేర్పించినవాళ్లకి ఒక తెల్లగుర్రం బహుమానంగా ఇస్తారట. స్నేహితులంతా ముందే చేరిపోయి ఉన్నారు. మిగిలింది మా అత్తగారూ నేనూ. అత్తగారికి మౌస్ పట్టుకోవడం రాదు.

అలా పుట్టాను నేను ఆ లోకంలో. ఒకాయన గుర్రం కోసం.

నడవలో, ఇస్త్రీ బల్ల పక్కన ఉన్న పాత కంప్యూటర్ ముందు నన్ను కూర్చోబెట్టారు. తెర మీద నలుగురు నిలబడి ఉన్నారు. గొడ్డలి పట్టుకున్న ఒక భారీ ఆడమనిషి నాకు నచ్చింది. ఆమె మీద మౌస్ బాణం పెట్టాను.

"అది నీ వల్ల కాదు. ఆ తెల్లగౌను పిల్లని తీసుకో. హీలర్. వెనకాల నిలబడి, దెబ్బ తగిలినవాళ్లకి మంత్రంతో నయం చెయ్యడమే పని. నీకు అలవాటే కదా."

అలవాటే. నిజమే. పేరు పెట్టమంది. నా పేరు కొడితే ఎవరో అప్పటికే తీసేసుకున్నారంది. "ఏదో ఒకటి పెట్టు తొందరగా" అన్నారు ఆయన. ఒళ్లో సగం మడిచిన బొంత ఉంది. బొంత అని కొట్టాను. ఆయన పగలబడి నవ్వారు. "బొంతేమిటే! సరే కానీ, గుర్రం వచ్చాక ఎలాగూ వదిలేస్తావుగా."

వారం తిరక్కుండా గుర్రం వచ్చింది. థాంక్స్ చెప్పారా అని అడక్కండి. గుర్రానికి పేరు వెతికే హడావిడిలో ఉన్నారాయన. బొంతని వదిలెయ్యమని గుర్తు చెయ్యడం మాత్రం మర్చిపోయారు. నేనూ గుర్తు చెయ్యలేదు.

నా రోజు ఎలా ఉంటుందో చెప్పాలి. కొరియర్ కంపెనీలో ఫిర్యాదుల విభాగం నాది. పార్సిల్ పగిలినా, తప్పిపోయినా, పక్కింటికి చేరినా జనం తిట్టడానికి ఫోన్ చేసే చోట కూర్చుంటాను. పగలగొట్టింది నేను కాదు, పారేసింది నేను కాదు, సారీ మాత్రం నాది. ఓ రోజు సూపర్‌వైజర్ నా భుజం మీదుగా వంగి, "మేడమ్, మీ సారీలో కొంచెం చిరునవ్వు వినబడాలి" అన్నాడు. సారీలో చిరునవ్వు! ఇంకా నయం, ఒక పాట కూడా పెట్టమనలేదు. మంచినీళ్లకి లేచినా "ఎక్కడికి?" అంటాడు. ఎక్కడికని చెప్పను, ఎడారికా?

ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోపు ముందుగదిలోంచి అత్తగారి గొంతు. "వచ్చావా అమ్మాయ్? నీళ్లు కాచావా?" ఆమెకి మోకాలి నొప్పి. రోజూ సాయంత్రం వేడినీళ్ల సంచీతో కాపడం పెట్టాలి. పెట్టాక ఆమె కునుకు తీస్తుంది. ఆయన ఆఫీసు నుంచి రావడానికి ఇంకా టైముంటుంది. వాషింగ్ మెషీన్ తిరుగుతుంటుంది, పొయ్యి మీద కూర ఉడుకుతుంటుంది. ఆ మధ్య వేళలో, నాది కాని ఆ గంటలో, నేను బొంతనయ్యేదాన్ని.

పట్టుదలా లేదు, పాడూ లేదు. ఒక కన్ను తెర మీద, ఒక చెవి వంటింటి మీద. అడవిలో ఆకులు ఏరుకోవడం, దారిలో పడి ఉన్న సైనికులకి మంత్రం వెయ్యడం, కొంచెం కొంచెంగా లెవెల్ పెరగడం. ఎవరూ అడిగేవాళ్లు లేరు కాబట్టి తొందరేమీ లేదు. ఒక రోజు ఒక విలుకాడు తోడేళ్ల గుంపుని వెంటేసుకుని పరిగెత్తుకొస్తున్నాడు. తల మీద ప్రాణం గీత ఎర్రగా, వెంట్రుకవాసి మిగిలింది. నాకెందుకులే అనుకోలేదు, మీట నొక్కాను. గీత నిండింది. అతను వెనక్కి తిరిగి తోడేళ్లన్నిటినీ కొట్టేసి, నా ముందుకొచ్చి నడుం వంచి నమస్కరించాడు. తెర మీద అక్షరాలు పడ్డాయి: "బతికించారు. థాంక్స్ బొంతగారూ!"

ఇక్కడ ఏడ్చానని రాస్తే మీకు బాగుంటుందేమో. ఏడవలేదు. కూర మాడింది.

"ఏమిటా వాసన?" అంది అత్తగారు.

"కూరండీ అత్తయ్యా."

"ధ్యాసెక్కడుంది నీకు?"

"అడవిలో."

ఆమె టీవీలో ఏదో సీరియల్ గురించి అనుకుంది. నేను మాడిన గిన్నె తోముతూ నాలో నేను నవ్వుకుంటున్నాను. ఈ గిన్నె ఎన్నేళ్లుగా తోముతున్నాను, దీంట్లో తిన్నవాళ్లెవరైనా, పోనీ గారు వద్దు, ఉత్త థాంక్స్ అయినా చెప్పారా? నా చేతి కూర నచ్చితే ఈయన ఏమీ అనరు. నచ్చకపోతేనే నోరు తెరుస్తారు. కాబట్టి మా ఇంట్లో మౌనమే మెచ్చుకోలు అని నేనే అర్థం చేసుకుని, ఆ అర్థంతో ఇన్నేళ్లు కడుపు నింపుకున్నాను. ఎవరో దారినపోయే దానయ్య, తోడేలు కరిచిన చెయ్యి నయమైందని నడుం వంచి నమస్కరిస్తే, అప్పుడు తెలిసింది నాకు ఎంత ఆకలిగా ఉందో.

ఆ విలుకాడి పేరు నక్క. ఆటలో పేరు. అసలు మనిషి సెలూన్ నడుపుతాడు. బేరం లేని వేళల్లో ఆడతాడు. యుద్ధం మధ్యలో, "ఆగండాగండి, ఒక గడ్డం వచ్చింది" అని మాయమవుతాడు. అతని స్నేహితురాలు బండ. ఇనుప తొడుగు, ఇంత పెద్ద డాలు, అందరికంటే ముందు నిలబడి రాక్షసుల దెబ్బలన్నీ తన మీద వేసుకోవడం ఆమె పని. మైకులో మొదటిసారి మాట్లాడినప్పుడు బొంగురు గొంతు విని మగవాడనుకున్నాను. సిటీ బస్సు డ్రైవరట. పొద్దున్నించీ హారన్ల మధ్య అరిచి అరిచి ఆ గొంతు అలా అయిందంది.

వాళ్లతో కలిసి మొదటిసారి ఒక గుహలోకి వెళ్లాను. ఎలుగుబంటి కనబడిందో లేదో, నేను బండ మీద మంత్రం వేసేశాను. ఆ ఎలుగు బండని వదిలేసి, నక్కని తోసేసి, నేరుగా నా మీదికొచ్చి నన్ను చంపింది. మళ్లీ లేచి వెళ్లాం. మళ్లీ అంతే. మూడోసారి కూడా చచ్చాక బండ డాలు కింద పెట్టింది.

"బొంతా, నాకింకా గీరుకుపోనైనా లేదు. అప్పుడే ఎందుకు మంత్రం వేశావు?"

"దెబ్బ తగులుతుందేమోనని."

"తగలనీ. అందుకేగా ఈ ఇనుమంతా మోస్తున్నాను. ఈ ఆటలో మృగాలకి ఒక గుణం ఉంది. ఎవరు ఎక్కువ సేవ చేస్తే వాళ్ల మీద పడతాయి. ఎవరూ అడక్కముందే నువ్వు పరిగెత్తుకొస్తే, అవి నిన్నే తింటాయి."

నక్క నవ్వాడు. "మా అమ్మా ఇంతే అక్కా. నేను తుమ్మకముందే ఆవిరి పట్టేది."

"ఇంకోటి విను" అంది బండ. "నేల మీద నిప్పు ఉంటుంది చూడు, అందులో నిలబడినవాడికి నీ మంత్రం దండగ. వాడికి కాళ్లున్నాయి. పక్కకి జరగమను. ఎంత పోసినా అది నిప్పుకే పోతుంది, వాడికి కాదు."

ఆమె ఆట గురించే చెప్పింది. ఆమెకి మా ఇల్లు తెలియదు, మా ఆయన తెలియదు. కానీ ఆ సాయంత్రం అన్నాలు తినేటప్పుడు కంచాల ముందు నిలబడి నన్ను నేను చూసుకున్నాను. ఈయన దగ్గబోతారని నీళ్లు, అత్తగారు అడగబోతుందని మందుబిళ్ల, కారం ఎక్కువైందంటారేమోనని పెరుగు. ఎవరూ ఇంకా ఏమీ అడగలేదు. నేనే తుమ్మకముందు ఆవిరి పడుతున్నాను. ఏదైనా తక్కువైతే ఏమంటారోనన్న భయంతో, వాళ్లకి ఏదీ తక్కువ కాకుండా నేనే ముందుకి దూకి, వాళ్లకి అడిగే శ్రమ కూడా తప్పించి, ఆ తర్వాత ఎవరూ గుర్తించలేదని వంటింట్లో మూల కూర్చుని కుమిలిపోవడం. తప్పు నాదని అనడంలేదు, జాగ్రత్త. నాకు ఇలా నేర్పింది మీరే. కానీ నేర్చుకున్నది మర్చిపోవచ్చని మాత్రం ఒక బస్సు డ్రైవరు చెప్పేదాకా నాకు తట్టలేదు.

మర్నాడు ఈయన దగ్గారు. నేను కదల్లేదు. మళ్లీ దగ్గారు. నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. చివరికి చెయ్యి చాచి చెంబు ఆయనే అందుకున్నారు. చెంబు ఆయన చేతికి బెత్తెడు దూరంలో ఉంది. ఎవరూ చావలేదు.

ఇప్పుడు అసలు సంగతి. హీలర్‌కి రెండు గీతలుంటాయి. ఎర్రది ప్రాణం. నీలంది మంత్రశక్తి. ఒక్కో మంత్రానికీ నీలం తగ్గుతుంది. అడుగంటితే ఇక ఏమీ చెయ్యలేదు, నేల మీద కూర్చుని కూజాలో నీళ్లు తాగాలి. తాగితే మెల్లమెల్లగా నిండుతుంది. ఆ గుహలోనే మొదటిసారి నా నీలం గీత అయిపోయింది. సారీ సారీ సారీ అని కొట్టాను. ఆఫీసు అలవాటు, చిరునవ్వు బొమ్మ కూడా పెట్టాను.

"సారీ ఎందుకు?" అంది బండ. "కూర్చో. తాగు."

వెళ్లి నా ముందు డాలు అడ్డం పెట్టి నిలబడింది. తర్వాత అందరికీ కనబడేలా రాసింది: "బొంత తాగుతోంది. లేచేదాకా ఆగండి."

ఆగారు. ఆ రోజు మాతో కొత్తగా చేరిన కత్తివీరుడొకడు ఆగలేదు. ముందుకి ఉరికి, నాలుగు ఎలుగుల మధ్య పడి చచ్చి, "హీలర్ ఏం చేస్తోంది?" అని అరిచాడు. బండ చాలా నెమ్మదిగా, బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడికి చెప్పినట్టు చెప్పింది. "తాగుతోంది నాయనా. కనబడటంలేదా? దిగు." వాణ్ణి గుంపులోంచి తీసేసింది.

నేను చేతులు ఒళ్లో పెట్టుకుని తెర చూస్తూ కూర్చున్నాను. గుహలో నీటిచుక్కల చప్పుడు. తెల్లగౌను బొంత కూజా ఎత్తి తాగుతోంది. ఇనుప మనిషి కాపలా. నక్క తోచక డాన్స్ చేస్తున్నాడు. నీలం గీత నింపాదిగా పెరుగుతోంది. ఎవరూ గడియారం చూడటంలేదు. నా కోసం ఎవరు ఆగారు ఇన్నేళ్లలో? వీధిలో నడిస్తే ఈయన ఎప్పుడూ పది అడుగులు ముందే. సినిమాకి వెళ్తే నేను చీర కుచ్చిళ్లు సర్దుకునేలోపు మెట్లు దిగిపోతారు. ఒకసారి నాకు ఒళ్లు కాలిపోయే జ్వరం. ఈయన ఎంతో ప్రేమగా నుదుటి మీద చెయ్యి వేసి, "పడుకో, పడుకో, ఏమీ కంగారు లేదు. లేచాక చేద్దువుగాని" అన్నారు. నేను దాన్ని ప్రేమ అనే అనుకున్నాను. ఇప్పటికీ ఆయన ఉద్దేశం ప్రేమే కావచ్చు. కానీ నేను పడుకుంటే పని పడుకోలేదు, మంచం పక్కనే నా కోసం కాచుక్కూర్చుంది. గుహలో అలా కాదు. అక్కడ నేను కూర్చుంటే అందరూ నాతోపాటు ఆగారు. హీలర్ ఖాళీ కుండతో నడిస్తే అందరికీ చావే అని వాళ్లకి తెలుసు. ఇంత చిన్న లెక్క. మీకెందుకు అర్థం కాలేదు?

ఆ మర్నాడు ఆఫీసులో, ముగ్గురు వరసగా ఫోన్లో నా పుట్టుక గురించి ఆరా తీశాక, హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి నీళ్ల సీసా అందుకున్నాను. "ఎక్కడికి?" అన్నాడు సూపర్‌వైజర్. "ఎక్కడికీ లేదు. నీళ్లు తాగుతున్నాను. ఆగండి" అన్నాను. ఆగాడు! ఆగి, తను ఎందుకు ఆగాడో తెలియక టై సర్దుకున్నాడు. నాకు నవ్వొచ్చి గొంతులో నీళ్లు కొరబోయాయి.

అలా అలా, కూరల మధ్యా కాపడాల మధ్యా, బొంత పెద్దదైంది. ఇంక మంచుకోటకి వెళ్లొచ్చు అంది బండ. అది చిన్న పని కాదు. సాయంత్రం అయిదింటికి లోపలికి అడుగుపెడితే బయటికొచ్చేసరికి మూడు గంటలు పడుతుంది. శనివారం అయితే బండకి సెలవు. నక్క సెలూన్ ముందే మూసేస్తానన్నాడు. "వస్తావా?" అని అడిగారు. వస్తానన్నాను. ఎవరినీ అడక్కుండా వస్తానన్న మాట నా నోట్లోంచి రావడం నాకే కొత్తగా వినబడింది.

ఆ వారంలోనే ఈయనకి తెలిసిపోయింది. ఆయన ఆటలోకి చేర్పించినవాళ్ల పట్టికలో నా పేరు పక్కన లెవెల్ కనబడిందట. పడగ్గదిలోంచి ఊడిపడ్డారు.

"ఏమోయ్! ఆ బొంతని ఇంకా ఆడిస్తున్నది నువ్వేనా? నా లెవెల్‌కి వచ్చేశావేమిటి?"

"మెల్లగా వచ్చానండీ."

"ఎప్పుడు?"

"కూరలు మాడినప్పుడల్లా."

కోప్పడతారనుకున్నాను. మొహం వెలిగిపోయింది. "దేవుడే పంపినట్టు ఉంది. మా హీలర్ ఆట మానేశాడు. పెళ్లయింది వాడికి."

"పెళ్లయితే మగవాళ్లు కూడా మానేస్తారా?"

"వాళ్లావిడ ఒప్పుకోలేదట. సరేలే, శనివారం సాయంత్రం పోటీ ఉంది మా జట్టుకి. నువ్వు వచ్చెయ్."

"శనివారం నాకు మంచుకోట ఉందండీ. బండతో, నక్కతో."

"ఎవరు వాళ్లు?"

"ఒకామె బస్సు నడుపుతుంది. ఒకాయన గడ్డాలు గీస్తాడు."

"ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల కోసం మొగుణ్ణి కాదంటావా?" నిజంగానే నొచ్చుకున్నారు. అత్తగారు ముందుగదిలోంచే తీర్పు చెప్పేసింది. "ఆటలో అయినా వాడికి తోడుండకపోతే ఎలాగమ్మా? అయినా శనివారం సాయంత్రమంతా ఆ పెట్టె ముందు కూర్చుంటే నా కాపడం ఎవరు పెడతారు?" కొడుకు పోటీకి కూర్చుంటే కాపడం ఎవరు పెడతారో మాత్రం ఆమె అడగలేదు. ఆ చిక్కు ఆమెకి కనబడలేదు.

ముందు గురువారం ఒకసారి కలిసి ఆడి చూద్దాం అన్నారు ఈయన. సరే అన్నాను. పాత అలవాటు, సరే అనేశాను. బండకి మెసేజ్ పెట్టాను, శనివారం రాలేనేమో, ఇంకెవరినైనా చూసుకోండి అని. జవాబు వచ్చింది: "రాకపోతే ఇంకో శనివారం వెళ్దాం. కోట ఎక్కడికీ పారిపోదు. ఇంకో హీలర్‌ని తీసుకోం. ఆగుతాం." అది చదివి బాత్రూములోకి వెళ్లి కొళాయి తిప్పుకుని నిలబడ్డాను. ఈసారి ఏడ్చాను. రాసుకోండి.

గురువారం. ఆయన పడగ్గదిలో, నేను నడవలో. ఆయన గొంతు ఒకసారి తలుపు సందులోంచి, ఒకసారి నా చెవిలోంచి. జట్టులో ఈయన కాక నలుగురు మగవాళ్లు. "వదినగారూ, దుమ్ము లేపేద్దాం" అని మర్యాదగానే మొదలుపెట్టారు. అంతే, దుమ్మే. ఒకడు అటు, ఒకడు ఇటు. నిప్పు కనబడితే చాలు, చలి కాచుకునేవాళ్లలా వెళ్లి అందులో నిలబడటం, "హీల్! హీల్! హీల్!" అని అరవడం. "పక్కకి జరగండి" అన్నాను. "వదినా, ఇది టీ పెట్టినంత తేలిక కాదు, చెయ్యి ఆడించాలి" అన్నాడొకడు. అప్పుడు మా ఆయన నవ్వుతూ అన్నారు. "ఏమనుకోకండిరా. మా ఆవిడ ఇంట్లోనూ ఇంతే. కొంచెం నిదానం."

అందరూ నవ్వారు. చెడ్డనవ్వు కాదు, అలవాటు నవ్వు. ఈ మాట ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని విందుల్లో, నేను పక్కన పళ్లెం పట్టుకుని నిలబడి ఉండగా విన్నానో! ప్రతిసారీ నేనూ కలిసి నవ్వాను. ఈసారి నా నోరు తెరుచుకోలేదు. నా కళ్లు నీలం గీత మీద ఉన్నాయి. అడుగంటింది.

బొంతని కూర్చోబెట్టాను. మైకులో చెప్పాను. "శక్తి అయిపోయింది. నీళ్లు తాగుతున్నాను. ఆగండి."

"ఇప్పుడా!" అన్నారు ఈయన. "ఎదురుగా డ్రాగన్ ఉంటే! తర్వాత తాగు, పద పద!"

"ఆగుదాంరా, పాపం తాగుతోందిగా" అని ఒక గొంతు వినబడింది. ఉడుత అని వాడి పేరు. ఎవరూ వినిపించుకోలేదు. అందరూ డ్రాగన్ మీదికి ఉరికారు. ఉడుత కూడా వాళ్ల వెనకే వెళ్లాడు. ఒక్కొక్కళ్లే రాలిపోయారు. ఈయన ఆఖర్న పడ్డారు, తెల్లగుర్రంతో సహా. చచ్చినవాళ్లని లేపే మంత్రం హీలర్ దగ్గరే ఉంటుంది. "లేపు! ఏయ్, లేపు! ఏం చేస్తున్నావక్కడ?"

తాగుతున్నాను. మొత్తం తాగాను. నీలం గీత అంచుదాకా నిండాక లేచి, ఉడుత దగ్గరికి వెళ్లి అతన్నొక్కణ్ణే లేపాను. "ఆగుదామన్నందుకు చాలా థాంక్స్ తమ్ముడూ" అన్నాను. తెర మూల 'జట్టు వదులు' అని ఒక మీట ఉంది. మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది. నొక్కాను.

పడగ్గది తలుపు ధడాలున తెరుచుకుంది. హెడ్‌ఫోన్ మెళ్లో వేలాడుతోంది. "పరువు తీశావు కదే!"

"ఏమిట్రా గోల?" అంది అత్తగారు.

"నన్ను చంపేసిందమ్మా!"

"అయ్యో అయ్యో, ఎక్కడ్రా దెబ్బ?"

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయనకి మండింది. "నవ్వుతున్నావా? నలుగురి ముందూ..."

"నలుగురి ముందూ నన్ను నిదానం అన్నారు. నేను నిదానం కాదండీ. నా దగ్గర అయిపోయింది. అయిపోయిందని నోరు తెరిచి చెప్పాను. ఆగలేదు మీరు."

"ఆటకి ఇంత పంతమా?"

"ఆటే కదా. అందుకే శనివారం నా ఆట నేను ఆడుకుంటాను."

శుక్రవారం మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. నేను మాత్రం వంటింట్లో ఏదో కూనిరాగం తీస్తున్నానట, అత్తగారు తర్వాత ఫిర్యాదు చేసింది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఈయన మీద నాకు పగ లేదు. గుర్రం కోసమే అయినా ఆ తలుపు తీసింది ఈయనే. ఈయన దురాశ లేకపోతే బండ లేదు, నక్క లేడు, నడుం వంచిన నమస్కారం లేదు. ఆ మేరకు ఈయనకి కూడా నేను రుణపడ్డాను. కృతజ్ఞత ఉన్నచోట ఉందని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. కానీ కృతజ్ఞత వేరు, చాకిరీ వేరు. ఒకటి చూపించి రెండోది చేయించుకోవడం ఇకమీద కుదరదు.

శనివారం అయిదవుతుండగా ఇస్త్రీ బల్ల పక్కకి జరిపి, కుర్చీ మీద దిండు వేసుకుని కూర్చున్నాను. మంచుకోట వాకిట్లో బండ, నక్క అప్పటికే ఉన్నారు. నేను రాలేనేమో అన్నాక కూడా వచ్చి నిలబడి ఉన్నారు. "బొంతొచ్చింది!" అని నక్క ఎగిరి గంతేశాడు. బండ డాలు ఎత్తి భూమి మీద ఒకసారి కొట్టింది. కోట తలుపుల మీంచి మంచు రాలింది.

నా కుర్చీ వెనక మా ఆయన వచ్చి నిలబడ్డారు. వాళ్ల పోటీ రద్దయిందట, హీలర్ దొరకలేదట. కాసేపు తెర చూశారు. గొంతు తగ్గించి అడిగారు. "మరి వంట?"

"కూరగాయలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. పొయ్యి మీరు రోజూ చూసేదే."

"నాకు రాదు కదా."

"నాకు మాత్రం మంత్రాలు వచ్చాయా మొదట్లో? వచ్చేదాకా చెయ్యండి. ఉప్పు తక్కువైతే మౌనంగా తింటాను."

ముందుగదిలోంచి అత్తగారి కేక వినబడింది. "అమ్మాయ్! మోకాలు పీకేస్తోంది. ఎక్కడున్నావ్?"

అలవాటుగా నా కాళ్లు లేవబోయాయి. వాటిని నేల మీదే ఉంచాను. హెడ్‌ఫోన్ ఒక చెవికి జరిపి ఆయన వైపు తిరిగాను.

"వినండి. నీళ్లు కాచండి. మరీ మరగనివ్వకండి, ఆమె చర్మం పల్చన. సంచీకి గుడ్డ చుట్టండి. ముందు నొప్పి ఎక్కడుందో అడగండి, ఆమె చూపించిన చోటే పెట్టండి, ఆమె చాలనేదాకా పక్కనే కూర్చోండి. ఇది ఇవాళ్టికి నాకు చేసే సాయం కాదు. ఇవాళ్టి నుంచి మీ పని. ఆమె మీ అమ్మ. పిలిచింది నన్నే. వెళ్లాల్సింది మీరు. ఇప్పుడే. వెళ్లండి."